పాలకత్తెర

మొదటి రోజు

ఆడపిల్ల పుట్టింది. ఈ పలక మీద నేను రాయాల్సినవి మూడు ముక్కలే: పిల్ల పాలు ఎలా తాగింది, బట్ట ఎలా తడిపింది, బరువెంత. మా నాగావళి సొరంగంలో బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లో తండ్రి ఈ దినచర్య రాయాలి, ఆసుపత్రి వాళ్ళు రోజూ చదువుతారు. కానీ ఆ మూడు ముక్కలతో నా చెయ్యి ఆగేలా లేదు. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. నాకు అరవై ఏడేళ్ళు. ఏడో తరగతితో బడి మానేసి గాలిగొట్టాల పనిలో చేరినవాణ్ణి. సంతోషం వస్తే దాన్ని ఎంతలో రాసి ఆపాలో నాకెవరూ నేర్పలేదు.

పిల్ల తల్లి నూకరత్నం. యాభై ఎనిమిది దాటింది. ఈ వయసులో కనడం ఇప్పుడు వింతేమీ కాదు, మందులున్నాయి. వింతల్లా మా వంతు రావడమే. ఈ ఎర్రనేల కింద గాలీ నీళ్ళూ ఎంతమందికి సరిపోతాయో అంతమందే పుట్టాలి. పెళ్ళయిన ఏడాదే వరుసలో పేరు రాయించుకున్నాం. మా ముందున్న వాళ్ళ పిల్లలందరూ పుట్టారు, పెరిగారు, వాళ్ళలో కొందరు నా దగ్గరే గొట్టాలు బిగించడం నేర్చుకున్నారు. మా పేరు పిలిచేసరికి నేను పింఛను తీసుకుంటున్నాను.

ఆసుపత్రి అమ్మాయి హైమ పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "తాతగారూ, తల కింద చెయ్యి పెట్టండి" అంది.

"తాతను కాదమ్మా, తండ్రిని" అన్నాను.

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. మంచం మీద నుంచి రత్నం, "అలాగే పిలవనీ మావా. రేపట్నుంచి ఈదిలో అందరూ అదే అంటారు, ఇప్పట్నుంచే అలవాటు సేసుకో" అంది.

ఎవరేమన్నా నాకు వినపడటం లేదు. పిల్ల నా చూపుడు వేలు పట్టుకుంది. ఎన్నో ఏళ్ళు స్పానర్ పట్టిన వేలు అది. స్పానర్ ఏనాడూ నన్ను తిరిగి పట్టుకోలేదు.

మూడో రోజు

పాలు ఆబగా తాగుతోంది. తాగిన కాసేపటికే పొట్ట డప్పులా ఉబ్బుతోంది. కాళ్ళు ముడుచుకుని ఏడుస్తోంది. తర్వాత బట్టలో అంతా నీళ్ళే. బరువు పుట్టినప్పటికంటే తగ్గింది. మొదట కొంచెం తగ్గడం మామూలేనని హైమ అంది కానీ, అన్నప్పుడు నా మొహం చూడలేదు. దూదిపుల్లతో పిల్ల బుగ్గ లోపల తుడిచి తీసుకెళ్ళింది.

రత్నం తన పాలనే అనుమానిస్తోంది. "ముసలి పాలు కదా, పడలేదేమో" అంది.

"పాలకు వయసేంటే" అన్నాను. పిల్లను భుజాన వేసుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. మా సొరంగానికి ఉన్నది ఒకటే వీధి. అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఇంత దిగుల్లోనూ నిజం రాయాలి: అలా చూపించుకుంటూ తిరగడం బాగుంది.

నాలుగో రోజు

జబ్బు తెలిసింది. హైమ మా ఇంటికే వచ్చి చెప్పింది. రత్నం అప్పుడు ఉయ్యాలకు కట్టడానికి పూసలు గుచ్చుతోంది. అవి పాత గొట్టాల రంగు తొడుగులు కోసి నేను చేసిన పూసలు. హైమ ఆ దారం చివర పట్టుకుని మొదలుపెట్టింది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక లోపలి గది ఉంటుంది బాబాయ్‌గారూ. ఆ గదిలో, ఏ దండ ఎలా గుచ్చాలో చెప్పే అసలు ప్రతి ఉంటుంది. అది బయటికి రాదు. కావలసినప్పుడు దానికి నకలు తీసి బయటికి పంపుతారు. బయట దండలు గుచ్చేవాళ్ళు ఉంటారు, ఇదిగో, పిన్నిలాగ."

"కూలెంతిస్తారేటి?" అంది రత్నం.

"మీరు తినే అన్నమే వాళ్ళ కూలి. నకలు మీద గుర్తులు నాలుగు రకాలే. వాటిని మూడేసి చొప్పున చూస్తారు. మూడు గుర్తులకు ఒక పూస. పూసలు ఇరవై రకాలు. వాటిని మోసుకొచ్చేవాళ్ళు వేరే ఉంటారు. ఒక్కొక్కడికీ తన మూడు గుర్తులేవో, తాను తేవాల్సిన పూసేదో తెలుసు. వాడు తెచ్చి అందిస్తాడు, గుచ్చేవాళ్ళు గుచ్చుతారు. చివర 'ఆపు' అనే గుర్తు వస్తుంది. అక్కడ దండ వదిలేస్తారు. ఆ దండ తనంతట తానే ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. ఆ ఆకారమే పనిచేస్తుంది. దాన్నే ప్రోటీన్ అంటాం."

పాలలో ఉండే చక్కెర ఉన్నదున్నట్టు ఒంటికి పట్టదట. దాన్ని రెండుగా కత్తిరించే ప్రోటీన్ ఒకటి పేగుల్లో తయారు కావాలి, పేరు లాక్టేజ్. మా పిల్ల ఒంట్లో ఆ నకలు మధ్యలోనే 'ఆపు' గుర్తు ఉంది. గుచ్చేవాళ్ళు చెప్పినట్టే ఆపుతున్నారు. సగం దండ దేనికీ పనికిరాదు. కత్తిరించని చక్కెర పేగుల్లోకి నీళ్ళు లాగుతోంది.

"మా ఇద్దరికీ చిన్నప్పుడు పాలు పడ్డాయి కదమ్మా" అన్నాను.

"మీ ఇద్దరి దగ్గరా రెండేసి అసలు ప్రతులున్నాయి. ఒకటి మంచిది, ఒకటి ఇలాంటిది. పాపకు ఇద్దరి దగ్గర నుంచీ ఇలాంటిదే వచ్చింది."

రత్నం నావైపు చూసింది. "ఇన్నేళ్ళలో ఇద్దరం ఒక్క మాట మీదున్నది దీనికేనేటి" అంది. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

తర్వాత హైమ అసలు సంగతి చెప్పింది. గ్లూకోజు నీళ్ళతో పిల్లను నిలబెట్టవచ్చు గానీ, వాటితో బరువు పెరగదు. ఈ నెలలో, సొరంగాల మధ్య తిరిగే పెద్దబండి వచ్చేలోగా పిల్ల పుట్టినప్పటి బరువు దాటాలి. దాటకపోతే బండిలో పెద్దాసుపత్రికి పంపేయాలి. రత్నం ఒళ్ళు ఇంకా పచ్చిగానే ఉంది, ఆ బండి కుదుపులు పడవు. నా గుండెకు ఆ ప్రయాణం ఎప్పుడో వద్దన్నారు. పిల్ల ఒక్కతే నర్సుతో వెళ్ళాలి. మళ్ళీ బండి తిరిగొచ్చేది దుమ్ముకాలం పోయాకే.

"మరి ఆ కత్తెర మన కుండలో చేసుకోలేమా?" అని రత్నం అడిగింది.

"చేసుకుందామనే వచ్చాను పిన్నీ" అంది హైమ.

ఐదో రోజు

కుండ గురించి రాయాలి. ఇక్కడ ఆవుల్లేవు, కోళ్ళు లేవు. ప్రతి ఇంట్లో వేడిగొట్టం పక్కన మూతపెట్టిన స్టీలు కుండ ఉంటుంది. అందులో ఈస్టు బతుకుతుంది. దుంపబెల్లం నీళ్ళు పోసి పెంచుతాం. పొద్దున్నే చెంబుతో కొంత బయటికి తీసి, హైమ వాళ్ళ ఆసుపత్రిలో నకళ్ళు తయారుచేసే గది నుంచి తెచ్చిన చుక్కలు వేస్తే, ఈస్టులో గుచ్చేవాళ్ళు ఆ నకలు చూసి ఆ దండే గుచ్చుతారు. గుడ్డు నకలు వేస్తే గుడ్డుసొన. నకలు ఒక్కరోజులో కరిగిపోతుంది, అందుకే రోజూ కొత్త చుక్కలు. ఇదంతా పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనే. లోపల ఇంత దండల బజారు ఉందని నాకు నిన్నే తెలిసింది.

ఇవాళ రెండు చెంబులు తీశాను. ఒకటి మామూలు గుడ్డుకు. రెండోదానిలో హైమ కొత్త చుక్కలు వేసింది. సాయంత్రానికి ఆ నీళ్ళు వడకట్టి, రత్నం పిండిన పాలలో కొన్ని చుక్కలు కలిపి గోరువెచ్చగా ఉంచాం.

"పనిచేసిందో లేదో రుచి చూస్తే తెలుస్తుంది. చక్కెర తెగితే పాలు ఎక్కువ తియ్యగా ఉంటాయి" అంది హైమ.

చెంచాడు నోట్లో పోసుకున్నాను. బెల్లం కలిపినట్టుంది. ఇంకో చెంచా తీసుకున్నాను.

"ఏటి మావా, రుచి సూత్తన్నావా, కడుపు నింపుకుంతన్నావా?" అంది రత్నం.

పిల్ల తాగింది. పొట్ట ఉబ్బలేదు. నిద్రపోయింది. నిద్రలో పెదాలు చప్పరించింది. లాక్టేజ్ అన్న పేరు నా నోరు తిరగడం లేదు కాబట్టి దీనికి పాలకత్తెర అని పేరు పెట్టాను. హైమ తన సీసా మీద కూడా అదే రాసుకుంది.

తొమ్మిదో రోజు

బట్టలో నీళ్ళు లేవు. బరువు పెరుగుతోంది. ఏడిస్తే గొంతు వీధి చివరి వరకు వినపడుతోంది. ఎవరైనా విసుక్కుంటారేమోనని అడిగితే, ఎవరూ విసుక్కోలేదు. రేపు తోడు వేడుక. ఆనందంతో ఇల్లంతా రెండుసార్లు తుడిచాను. గాలిగొట్టం కూడా విప్పి కడిగాను. దానికి అవసరం లేదు.

పదో రోజు

మా వీధిలో బిడ్డ పుట్టిన ఇంటికి ప్రతి ఇంటి వాళ్ళూ తమ కుండలోని ఈస్టు తోడు ఒక చెంచా తెచ్చి పోస్తారు. అందరి తోడూ ఆ బిడ్డ కుండలో కలవాలి. వెళ్ళేటప్పుడు ఆ కలిసిన తోడులోంచి ఒక చెంచా తీసుకెళ్ళి తమ కుండలో పోసుకుంటారు. బిడ్డ వీధందరిదీ అని దాని అర్థం. ఇన్నేళ్ళూ చెంచా పట్టుకుని పక్కిళ్ళకు వెళ్ళినవాళ్ళం మేము. ఇవాళ మా కుండ ముందు వరుస కట్టారు. నేను గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ దండం పెట్టాను. కొందరికి రెండుసార్లు పెట్టానట, రత్నం చెప్పింది.

పక్కింటి మల్లవ్వ మాత్రం చెంచా కొంగు కింద దాచుకుని అందరికంటే వెనక నిలబడింది. ఆమె కిందటేడే చలి సొరంగం నుంచి వచ్చింది. అక్కడ వేడిగొట్టాలు తక్కువ, నీళ్ళు గడ్డకట్టే చలి. భర్త పోయాక తన కుండ ఒక్కటీ ఒళ్ళో పెట్టుకుని బండి దిగింది. ఆ కుండ వాళ్ళ అత్తగారిదట.

"నేను బయటిదాన్ని గద వదినా, నాది పోస్తే ఎవరన్న ఏమన్న అంటరేమో" అంది.

రత్నం ఆమె చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "నా పురుడప్పుడు నా నడుం పట్టింది ఎవులు? నువ్వు కాదేటి? పొయ్యి."

మల్లవ్వ పోసింది. పిల్ల అప్పుడే తుమ్మింది. అందరూ నవ్వారు. ఇంతకంటే మంచి రోజు నాకు రాలేదు.

పన్నెండో రోజు

పాలు తీపెక్కలేదు. నా నాలుకదే తప్పనుకుంటాను. వేడుకలో బెల్లం ఉండలు లెక్కలేకుండా తిన్నాను. అలాగని రత్నానికి చెప్పలేదు.

పదమూడో రోజు

నాలుకది తప్పు కాదు. ఇవాళ రత్నం కూడా రుచి చూసి చెంచా కింద పెట్టేసింది. పిల్ల పొట్ట మళ్ళీ ఉబ్బింది. బట్టలో నీళ్ళు. పెరిగిన బరువులో కొంత పోయింది.

కుండకు వేడి చాల్లేదేమోనని వేడిగొట్టం కవాటం ఇంకొంచెం తిప్పాను. బెల్లం పాతదేమోనని కొత్తది కరిగించాను. చెంబు మూడుసార్లు తోమాను. వింతేమిటంటే కుండ ఎప్పటికంటే బాగా పొంగుతోంది. నురగ మూతను లేపేస్తోంది. లోపల అంత పని జరుగుతుంటే ఒక్క కత్తెర ఎందుకు రావడం లేదో నాకు అంతు పట్టడం లేదు.

పద్నాలుగో రోజు

హైమ వచ్చి నకలు మళ్ళీ పరీక్షించింది. నకలు సరిగ్గానే ఉంది. చెంబు నీళ్ళు పట్టుకెళ్ళి, మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది.

"దండ తయారవుతోంది బాబాయ్‌గారూ. సగం దండ కాదు, పూర్తి పొడుగుదే. ఎన్ని పూసలు ఉండాలో అన్నీ ఉన్నాయి. కానీ కత్తిరించడం లేదు."

"పదును లేని కత్తెరా?"

"అసలు కత్తెర ఆకారమే రావడం లేదు. ఉండ చుట్టుకుపోతోంది. ఎందుకో తెలియడం లేదు."

పిల్లకు గ్లూకోజు నీళ్ళు మొదలుపెట్టారు. పెద్దబండి ఇంకో వారం రోజుల్లో వస్తుంది. రత్నం పిల్ల బట్టలు మడతపెట్టి ఒక సంచిలో సర్దింది. మళ్ళీ అన్నీ తీసి అరలో పెట్టేసింది. నేను చూడనట్టే ఉన్నాను.

పదిహేనో రోజు

ఇవాళ జరిగింది వరుసగా రాస్తాను, సంతోషంలో వెనకా ముందూ అయిపోతోంది.

పొద్దున హైమ మా ఇంట్లో కూర్చుని ఆలోచిస్తోంది. ఏమీ తినలేదంటే రత్నం పెనం పెట్టి గుడ్డుసొన పోసింది. అట్టులా గట్టిపడాల్సిన సొన పెనం మీద నీళ్ళలా పరుచుకుని అలాగే ఉంది.

"వేడుక అయినకాడి నుంచీ ఇంతే. పెనం మీద ఎంతసేపున్నా గట్టిపడదు. ఎదురింటోళ్ళకీ ఇదేనట. బెల్లంలోనే ఏదో ఉంది" అని రత్నం సణిగింది.

పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న మల్లవ్వ పెనంలోకి తొంగి చూసింది. "గట్టిపడుడేంది వదినా? గుడ్డు గిట్లనే గద ఉంటది. మా ఇంట్ల ఎప్పుడు గిట్లనే. మేం గ్లాసుల పోసుకుని తాగుతం."

"గుడ్డు తాగుతారా?" అంది రత్నం.

"మీరు నములుతరా?" అంది మల్లవ్వ.

హైమ లేచి నిలబడింది. "పెద్దమ్మా, చలి సొరంగంలో అందరి ఇంట్లోనూ ఇలాగే ఉంటుందా?"

"అందరింట్ల గిట్లనే బిడ్డా. మామూలు తోడు ఆ చలికి పండుకుంటది, లేవదు. గందుకే మా పెద్దలు వేరే తోడు పట్టిన్రు. మాది గట్టిది. మంచుల పెట్టినా పొంగుతది."

హైమ మా కుండలోంచి ఒకటి, మల్లవ్వ కుండలోంచి ఒకటి, రెండు చెంచాలు తీసుకుని పరుగెత్తింది. ఆ అమ్మాయి నడవగా చూశాను గానీ పరుగెత్తగా ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం వచ్చి, ఉయ్యాల పూసలు అడిగి తీసుకుంది. నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు పెట్టింది.

"మల్లవ్వ పెద్దమ్మ తోడు వేరే జాతి ఈస్టు. మన దానికంటే వేగంగా పెరుగుతుంది. ఈ నాలుగైదు రోజుల్లో కుండంతా అదే అయిపోయింది. దానిలో ఒక విచిత్రం ఉంది. నకలు మీద ఒకానొక మూడు గుర్తులు కనపడితే, మన ఈస్టులో మోసేవాడు ఈ నల్లపూస తెస్తాడు. దీనికి నీళ్ళంటే పడదు, నూనెలాంటిది. దండ ముడుచుకునేటప్పుడు ఇలాంటివన్నీ నీళ్ళకు దూరంగా లోపలికి దూరి ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటి పట్టుతోనే ఆకారం నిలుస్తుంది. పెద్దమ్మ ఈస్టులో అవే మూడు గుర్తులకు మోసేవాడు ఈ తెల్లపూస తెస్తాడు. దీనికి నీళ్ళంటే ఇష్టం. లోపల ఉండాల్సిన చోట ఇది పడితే దండకు పట్టు దొరకదు. గుడ్డు గట్టిపడదు, కత్తెర కత్తిరించదు."

"అయితే ఆ మోసేవాడు తప్పుడోడా?" అన్నాను.

"తప్పేం లేదు. వాళ్ళ జాతిలో తరతరాలుగా ఆ గుర్తులకు అదే పూస. తన సొంత అసలు ప్రతులన్నీ దానికి తగ్గట్టే ఉన్నాయి, అది హాయిగా బతుకుతోంది. మన నకలు చూసి గుచ్చమన్నప్పుడే తేడా వస్తోంది."

మల్లవ్వ మొహం పాలిపోయింది. మా పంచాయతీ కట్టుబాటు అందరికీ తెలుసు. కుండ చెడితే ఆ కుండనూ, దానికి తోడు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కుండనూ ఆవిరి పెట్టి చంపేయాలి. వేడుక రోజు అందరూ మా కుండలోంచి చెంచా తీసుకెళ్ళారు. అంటే వీధిలో మంచి తోడు మిగిలిన ఇల్లు ఒక్కటీ లేదు. ఆసుపత్రి మంచుపెట్టెలో పాత తోడు ఉంది గానీ, అది లేచి కుండ నిండేసరికి పెద్దబండి వచ్చి వెళ్ళిపోతుంది.

మల్లవ్వ పిల్లను రత్నం చేతికి ఇచ్చేసింది. "నా కుండకు ముందుగాల ఆవిరి పెట్టుండ్రి. అత్త ఇచ్చిందని మోసుకొచ్చిన. పోరి పాణం కంటె ఎక్కువనా" అంది. ఇంటికి వెళ్ళి, ఆ కుండను రెండు చేతులతో మోసుకొచ్చి మా గుమ్మంలో దించింది.

రత్నం ఆ కుండ వైపు చూసింది, మల్లవ్వ వైపు చూసింది. "దానికి ఆవిరెడితే నా పిల్లకి పాలు వత్తాయేటి? రావు కదా. మరెందుకు దించావు, లోపలెట్టు. సలిలో నిన్ను బతికించింది అదే కదేటి. హైమమ్మా, తోడు మార్చలేకపోతే నకలు మార్చలేవా?"

హైమ నల్లపూసలను ఒక్కొక్కటే వేలితో జరుపుతూ లెక్కపెట్టింది. తర్వాత నెమ్మదిగా నవ్వింది.

"మార్చవచ్చు పిన్నీ. ఆ నల్లపూసను పిలవడానికి ఒక్క గుర్తే కాదు, ఆరు రకాల మూడేసి గుర్తులున్నాయి. రెండు తోడులకూ గొడవ ఉన్నది వాటిలో ఒక్కదాని దగ్గరే. మిగతా ఐదింటికీ ఏ ఇంటి మోసేవాడైనా నల్లపూసే తెస్తాడు. నకలంతా చూసి, ఆ ఒక్కటి ఉన్న ప్రతి చోటా వేరేది పెడతాను. అప్పుడు ఎవరి కుండలో వేసినా ఒకే దండ."

"ఈ ముక్క పొద్దున్నే సెప్పొచ్చు కదా, పెనం మీద గుడ్డు పారబోసేదాన్ని కాదు" అంది రత్నం.

ఎవరు ముందు నవ్వారో నాకు గుర్తులేదు. మల్లవ్వ మాత్రం నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆమె కుండను మళ్ళీ నేనే మోసుకెళ్ళి వాళ్ళింట్లో పెట్టాను. బరువుగానే ఉంది.

పదిహేడో రోజు

కొత్త నకలు వచ్చింది. చుక్కలు వేశాం. సాయంత్రం దాకా నేను ఆ చెంబు ముందే కూర్చున్నాను. హైమ వద్దంటున్నా కూర్చున్నాను. నేను చూస్తుంటే తొందరగా గుచ్చుతారని కాదు. ఇంకెక్కడా కూర్చోబుద్ధి కాలేదు. లోపల కంటికి కనపడని గుచ్చేవాళ్ళు ఎంతమందో, ఎక్కడా ఆగకుండా, మూడేసి గుర్తులు, ఒక పూస, మూడేసి గుర్తులు, ఒక పూస. పేరు కూడా పెట్టని నా పిల్ల కోసం.

వడకట్టాం. పాలలో కలిపాం. వెచ్చబెట్టాం. రత్నం చెంచా నాకివ్వలేదు. మల్లవ్వకు ఇచ్చింది.

మల్లవ్వ చప్పరించింది. కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం ఆమె మొహమే చూస్తున్నాం.

"గింత తీపా పాలు?" అంది. "గందుకేనా అన్న రోజూ చెంచా పట్టుకుని తిరిగేది."

పిల్ల తాగింది. ఇంక ఏమీ రాయలేను ఇవాళ.

ఇరవయ్యో రోజు

కత్తెర ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువ వస్తోంది. మల్లవ్వ తోడు గట్టిది కదా, మా పాత తోడు ఒక రోజులో గుచ్చేదాన్ని అది పూట తిరక్కుండా గుచ్చేస్తోంది. మిగిలింది సీసాలో పోసి హైమకు ఇచ్చాను. గుడ్డు నకలు కూడా ఆ అమ్మాయి మార్చి ఇచ్చింది. వీధంతా అట్లు గట్టిపడుతున్నాయి. పంచాయతీ వాళ్ళు వచ్చి రెండు అట్లు తిని, ఏ కుండా చంపనక్కర్లేదని తేల్చి వెళ్ళారు.

మల్లవ్వ జీవితంలో మొదటిసారి గట్టి గుడ్డు తింది. చాలాసేపు నమిలింది. "గిదేందన్నా, మీ గొట్టాలకు వేసే రబ్బరు లెక్కుంది" అని పళ్ళెం పక్కన పెట్టేసింది. ఆమె కోసం పాత నకలు చుక్కలు కూడా విడిగా తెచ్చి ఇస్తానంది హైమ. గ్లాసులో పోసుకుని తాగడానికి.

పిల్ల బరువు పుట్టినప్పటి గీత దాటింది. తూకం పళ్ళెంలో కూడా కాళ్ళు తన్నుతోంది. ముల్లు నిలవడం కష్టమైంది.

ఇరవై రెండో రోజు

పెద్దబండి వచ్చింది. తోలేవాడు ముసుగు తీసి, దుమ్ము దులుపుకుని, "పాపను పంపాలన్నారట. ఏదీ?" అన్నాడు.

ఇంతకుముందు ఆ ప్రశ్న తలుచుకోవడానికే నాకు భయం. ఇవాళ మహరాజులా నిలబడి, "పాప రాదు బాబూ. పాలు తాగి నిద్రపోతోంది. నువ్వు కూర్చో, అట్టు తిని వెళ్ళు" అన్నాను.

అతను తిన్నాడు. వెళ్ళేటప్పుడు హైమ పెద్దాసుపత్రికి పంపమని కొత్త నకళ్ళ సీసాలు ఇచ్చింది. చలి సొరంగానికి కూడా ఒకటి ఇచ్చింది. అక్కడా ఇలాంటి పిల్లలు పుట్టవచ్చు కదా.

పేరు పెట్టేశాం. మధురవాణి. మధుర అన్నది పాల తీపికి. వాణి అన్నది ఏడుపుకు. మొదటిది నేను పెట్టాను, రెండోది వీధి వాళ్ళు పెట్టారు. పేరు పెట్టే వేడుకలోనూ తోడు పోయాలన్నారు. చెంచాలు పట్టుకుని అందరూ వచ్చారు. మల్లవ్వ అలవాటు కొద్దీ వెనక నిలబడింది. రత్నం అందరినీ ఆపింది.

"ముందు మల్లవ్వ పోత్తాది. తర్వాతే మీరంతా" అంది.

మల్లవ్వ పోసింది. ఈసారి చెంచా కొంగు కింద లేదు.

ఇక ఆసుపత్రి వాళ్ళు అడిగిన మూడు ముక్కలు. పాలు: గిన్నె ఖాళీ చేసింది, ఇంకా కావాలంది. బరువు: బాగా పెరిగింది, హైమే తూచింది, ఆమెనే అడగండి. బట్ట: పచ్చగా, ముద్దగా, చూడగానే మంచి కడుపని తెలిసేలా ఉంది. మల్లవ్వకు చూపించాను, హైమకు చూపించాను, బండివాడికి చూపించబోతే రత్నం తిట్టింది. ఉతకడానికి ఇమ్మని చెయ్యి చాపింది. ఇవ్వలేదు. నేనే ఉతికాను.